రిబుల్‌హెడ్ వయాడక్ట్: ఆరవ స్తంభం చెప్పే చరిత్ర

నదినో కాలువనో దాటించే కట్టడాన్ని సాధారణంగా వంతెన అంటాము. లోయ మీదుగా, స్తంభాల వరుసపై బాటనే ఎత్తి నిలిపే కట్టడం వయాడక్ట్. దీనిని మార్గవాహక సేతువు అనవచ్చును. హైదరాబాదు మెట్రో నడిచే ఎత్తుబాట కూడా ఈ తరగతిదే, కాని అది కాంక్రీటుది. ఇక్కడ ప్రస్తావించేది రాతిది.

ఉత్తర ఇంగ్లాండులోని యార్క్‌షైర్ కొండల నడుమ, బ్యాటీ మాస్ అనే చిత్తడి నేలపై రిబుల్‌హెడ్ వయాడక్ట్ ఉంది. సెటిల్ నుండి కార్లైల్ వరకు మిడ్‌లాండ్ రైల్వే వేసిన మార్గంలో ఇది భాగము. ఇంజనీరు జాన్ సిడ్నీ క్రాస్లీ. పొడవు సుమారు 400 మీటర్లు, గరిష్ఠమైన ఎత్తు 32 మీటర్లు, కమానులు 24. ఈ మార్గంలో 1875లో సరకు బండ్లు, 1876 మే 1న ప్రయాణికుల బండ్లు నడిచాయి.

రాయి సంపీడనాన్ని, అనగా నొక్కుడును, ఎంతైనా ఓర్చుకొంటుంది. తన్యతను, అనగా లాగుడును, ఓర్చుకోలేదు. కమాను తనపై పడిన బరువును నొక్కుడుగా మార్చి కిందికి దించుతుంది, అయితే ఆ క్రమంలో స్తంభాలను పక్కలకు కూడా నెట్టుతుంది. ఈ పార్శ్వబలాన్ని అవతలి కమాను ఎదురు నెట్టి రద్దు చేస్తుంది. ఒక కమాను కూలిందా, ఆ ఎదురునెట్టు పోయి పక్క స్తంభం ఒరుగుతుంది, దాని వెంట తరువాతిది. అందుకే ఇక్కడ ప్రతి ఆరవ స్తంభాన్నీ మిగిలిన వాటికంటె మందంగా కట్టారు. ఒక కొస నుండి లెక్కపెట్టుకొంటూ నడిస్తే, ఆరు, పన్నెండు, పద్దెనిమిదవ స్తంభాల వద్ద ఆ తేడా కంటికే తెలుస్తుంది. ప్రమాదమే వస్తే ఆరు కమానులతో ఆగాలన్నది లెక్క. తన పనిని తానే ఇంతగా శంకించగలగడం ఇంజనీరుకు ఉండవలసిన గుణమని నా అభిప్రాయము.

కూలీల ప్రాణాలకు అటువంటి లెక్క లేకపోయింది. సెబాస్టొపోల్, ఇంకర్మన్, జెరికో అని పేర్లు పెట్టుకొన్న గుడిసెల పేటలలో మశూచి చెలరేగింది, ప్రమాదాలు సరేసరి. చాపెల్-లె-డేల్ చర్చి శ్మశానవాటికను పెంచవలసివచ్చింది.

రాతికట్టడానికి బండి బరువుకంటె నీరే పెద్ద శత్రువు: సందులలోకి ఇంకి, చలికి గడ్డకట్టి, ఉబ్బి, సున్నాన్ని వదులు చేస్తుంది. 1980లలో మరమ్మతుల ఖర్చు సాకుగా మార్గాన్నే మూయబోయారు. ప్రజలు గట్టిగా వ్యతిరేకించగా 1989 ఏప్రిల్‌లో ఆ ప్రతిపాదన వీగిపోయింది. భారం తగ్గించడానికి 1985లో ఒక పట్టాల జతను తీసివేశారు. రెండు జతలకు కట్టిన వెడల్పుపై నేడు ఒక్కటే ఉంది. ఆ మూడు మందపు స్తంభాలకు తమ పని చేయవలసిన అవసరం ఇంతవరకు కలుగలేదు.