ఖరగ్‌పూర్ చలికాలం: ఇంటికి పరిమళం సరే, గదిలో గాలి సంగతేంటి?

డిసెంబరులో ఖరగ్‌పూర్‌లో సాయంత్రం ఐదయ్యేసరికి పొద్దు వాలిపోతుంది. రైల్వే క్వార్టర్లలో ఒక్కో కిటికీ మూసుకుంటుంది. ఒకసారి మూసిన కిటికీ మళ్లీ తెల్లారాకే తెరుచుకుంటుంది. పండుగలు వరసగా వచ్చేదీ ఈ రోజుల్లోనే. తెలుగువాళ్లకు ధనుర్మాసం, బెంగాలీలు ‘బొడోదిన్’ అని పిలుచుకునే క్రిస్మస్, ఆ తర్వాత కొత్త సంవత్సరం, చివరికి అందరిదీ అయిన సంక్రాంతి. బంధువులు వస్తారు, వంటలు మొదలవుతాయి, ఇల్లు మంచి వాసన రావాలనిపిస్తుంది.

ఇందుకు ఈ ఊళ్లో ఎవరి పద్ధతి వాళ్లకుంది. తెలుగిళ్లలో సాంబ్రాణి, బెంగాలీ ఇళ్లలో ధునుచిలో వేసే ధునో. ఇప్పుడు వాటి పక్కన చిన్న సీసాల్లో ఎసెన్షియల్ ఆయిల్స్, కరెంటుతో నడిచే డిఫ్యూజర్లు చేరాయి. పొగ లేదు కాబట్టి ఇబ్బందీ లేదన్నది చాలామంది నమ్మకం. అందులో కొంత నిజముంది. మిగతాది గది ఎంత మూసి ఉంది, అందులో ఎవరు పడుకుంటారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

సాంబ్రాణి ఇక్కడికి ఎలా వచ్చిందో చెప్పాలంటే రైలు మార్గం గురించి చెప్పాలి. తూర్పు తీర రైల్వే ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో కలిసింది. వాల్తేరు నుంచి కటక్ మీదుగా ఖరగ్‌పూర్ దాకా ఒకే సంస్థ రైళ్లు నడిచాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లు వర్క్‌షాపులో, యార్డులో పనికి కుదిరి ఇక్కడే స్థిరపడ్డారు. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలపడం వెనుక ఉన్నది ప్రధానంగా ఈ ఊరి తెలుగువాళ్లే. వాళ్లతో పాటే ముగ్గులూ, అరిసెలూ, సాంబ్రాణీ వచ్చాయి.

సాంబ్రాణి స్టైరాక్స్ జాతి చెట్ల బంక. ఇండోనేషియాలోని సుమత్రా దీవి దీనికి పేరు మోసింది. బెంగాలీల ధునో ఎక్కువగా సాల వృక్షాల బంక. ఖరగ్‌పూర్ దాటి ఝాడ్‌గ్రామ్ వైపు వెళితే దారి పొడవునా కనిపించే అడవి ఈ చెట్లదే. రెండింటినీ నిప్పు మీదే వేస్తారు. అంటే వాసనతో పాటు సన్నటి మసి కణాలు, బొగ్గు సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ కూడా గదిలోకి వస్తాయి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. పాతకాలంలో సాంబ్రాణి ధూపం పట్టుకుని ఇల్లంతా తిరిగేవాళ్లు, ఆ సమయంలో వీధి తలుపు, పెరటి తలుపు తెరిచే ఉండేవి. ఇప్పుడు సాంబ్రాణి కప్పు వెలిగించి, తలుపు బిగించి, దుప్పటి కప్పుకుంటున్నారు. సరుకు పెద్దగా మారలేదు గానీ, గది మారిపోయింది.

సీసాలో ఉన్నది ఏమిటి?

ఆకు, పువ్వు, బెరడు, వేరు, పండు తొక్క లాంటివాటి నుంచి ఆవిరి పట్టి గానీ, నొక్కి గానీ తీసే, త్వరగా ఆవిరైపోయే నూనె ఎసెన్షియల్ ఆయిల్. పేరుకు నూనే గానీ కొబ్బరి నూనెలా జిడ్డు ఉండదు. కాగితం మీద చుక్క వేస్తే చాలావరకు ఆవిరైపోతుంది. కమలా తొక్క నూనెలో 90 శాతానికి పైగా ఉండేది లిమోనీన్ అనే ఒకే పదార్థం. లవంగ నూనెలో ప్రధానమైనది యూజెనాల్, నీలగిరి తైలంలో సినియోల్.

బజారులో ‘ఎసెన్షియల్ ఆయిల్’ అని అమ్మేవన్నీ ఇవి కావు. చాలావాటిలో ఉండేది ఫ్రాగ్రెన్స్ ఆయిల్, అంటే ఫ్యాక్టరీలో తయారైన సువాసన ద్రవ్యాన్ని వేరే ద్రావకంలో కలిపింది. వాసన అచ్చం అలాగే ఉంటుంది కాబట్టి ముక్కుతో పోల్చుకోలేం. ధరే కొంత చెబుతుంది. ఒక కిలో గులాబీ నూనె తీయడానికి 3 నుంచి 5 టన్నుల పూలు కావాలి. కాబట్టి 150 రూపాయలకు దొరికే ‘గులాబీ ఎసెన్షియల్ ఆయిల్’ గులాబీది అయ్యే అవకాశం లేదు. నిమ్మగడ్డి, నీలగిరి, కమలా తొక్క నూనెలు చవకగా దొరికినా అసలువే కావచ్చు. సీసా మీద మొక్క శాస్త్రీయ నామం, ఏ భాగం నుంచి తీశారన్నది ఉందో లేదో చూడటం మంచిది. అవి ఉన్నంత మాత్రాన నమ్మేయనక్కర్లేదు గానీ, లేకపోతే మాత్రం అనుమానించాల్సిందే.

ఈ ప్రాంతానికి సొంతమైన నూనె కూడా ఒకటి ఉంది. మేదినీపూర్ ప్రాంతం మిఠా తమలపాకుకు ప్రసిద్ధి. అమ్ముడుపోక పాడైపోయే ఆకు నుంచి నూనె తీసే పద్ధతి మీద ఐఐటీ ఖరగ్‌పూర్ ప్రొఫెసర్ ప్రశాంత గుహ ఏళ్ల తరబడి పనిచేశారు. రైతు ఇంటి దగ్గరే వాడుకునేలాంటి సాంకేతికత కావాలన్నది ఆయన ఉద్దేశం. పండుగ బజారులో లావెండర్ దొరికినంత తేలిగ్గా తమలపాకు నూనె దొరకకపోవడం విచిత్రమే.

మూసిన గదిలో జరిగేది

చలికాలం రాత్రుల్లో నేలకు దగ్గరగా చల్లగాలి, దానిపైన వెచ్చటి గాలి పొరలా నిలుస్తాయి. పొయ్యిల పొగ, వాహనాల పొగ, ఊరి చుట్టూ ఉన్న కర్మాగారాల పొగ పైకి పోలేక కిందే ఉండిపోతాయి. అందుకే కిటికీ మూస్తాం. అయితే లోపల పుట్టే పొగ కూడా అప్పుడు లోపలే ఉండిపోతుంది. ఆ పొగ ఎంతో ఊహించుకోవడానికి ఒక లెక్క ఉంది. ఒక్క దోమల చుట్ట పూర్తిగా కాలితే వచ్చే సూక్ష్మ కణాలు 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని 2003లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది.

డిఫ్యూజర్‌లో ఇలాంటి మసి రాదు. సాంబ్రాణి కప్పుతో, చుట్టతో పోలిస్తే అది నయం. కానీ గాలిలో ఏమీ కలవదనుకుంటే పొరపాటే. లిమోనీన్, పైనీన్ లాంటి పదార్థాలు గాలిలోని ఓజోన్‌తో కలిసినప్పుడు ఫార్మాల్డిహైడ్, అతి సూక్ష్మ కణాలు పుడతాయని ప్రయోగశాలల్లో పదేపదే తేలింది. చుక్కలు పెరిగిన కొద్దీ ఇవీ పెరుగుతాయి. నీటిని అతి సన్నటి తుంపరగా మార్చే అల్ట్రాసోనిక్ డిఫ్యూజర్లలో బోరు నీళ్లు పోస్తే అందులోని ఖనిజాలు కూడా గాలిలోకి లేస్తాయి. పాత క్వార్టర్ల చెమ్మ గోడలకు ఆ తేమ తోడైతే బూజు పడుతుంది. బూజు వాసన పోగొట్టడానికి మళ్లీ డిఫ్యూజర్ పెడతారు. చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో మాత్రం ఎవరూ చూడరు.

వాసన బాగుంటే గాలి శుభ్రంగా ఉన్నట్టు మన మెదడు అనుకోవడమే ఇక్కడ అసలు ఇబ్బంది. సువాసన దుర్వాసనను కప్పుతుందే తప్ప పొగను తీసేయదు.

ఎవరికి పడదు?

ఉబ్బసం ఉన్నవాళ్లకు ఘాటైన ఏ వాసనైనా దగ్గు, ఆయాసం తెప్పించవచ్చు. జలుబు చేసిన పసిపిల్లల ముక్కు దగ్గర నీలగిరి తైలం, కర్పూరం, పుదీనా పువ్వు పెట్టడం మన ఇళ్లలో మామూలే. చిన్నపిల్లల విషయంలో ఆ అలవాటు మానుకోవడమే మేలు. నీలగిరి తైలం, కర్పూరం ఉన్న నూనెలు, బామ్‌లు వాడాక మూర్ఛ వచ్చిన కేసులను బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ న్యూరాలజిస్టులు తమ పరిశోధన పత్రాల్లో నమోదు చేశారు. వీరిలో అంతకుముందు ఎప్పుడూ మూర్ఛ రానివాళ్లు కూడా ఉన్నారు. ఇంట్లో మూర్ఛ రోగి ఉంటే ఈ రెండు వాసనలూ వద్దు. పిల్లుల కాలేయానికి లవంగ నూనెలోని యూజెనాల్ లాంటి పదార్థాలను విరిచే శక్తి చాలా తక్కువ. పిల్లి పడుకునే గదిలో డిఫ్యూజర్ పెట్టకూడదు.

ఇంట్లో స్ప్రే చేసుకునేవాళ్లు తెలుసుకోవాల్సిన ఉదంతం ఒకటుంది. 2021లో అమెరికాలో జార్జియా, కాన్సాస్, మిన్నెసోటా, టెక్సాస్ రాష్ట్రాల్లో నలుగురికి మెలియాయిడోసిస్ అనే అరుదైన ఇన్‌ఫెక్షన్ సోకింది. వారిలో ఇద్దరు చనిపోయారు. నలుగురిలో ఎవరూ విదేశాలకు వెళ్లలేదు. చివరికి ఆ బ్యాక్టీరియా భారత్‌లో తయారైన లావెండర్-కామోమైల్ రూమ్ స్ప్రే సీసాలో దొరికింది. సుమారు 3,900 సీసాలను వెనక్కి పిలిచారు. ఆ స్ప్రేలో ఎక్కువ భాగం నీళ్లే. ‘ఎసెన్షియల్ ఆయిల్ క్రిములను చంపుతుంది కదా’ అన్న ధీమా నీళ్లు కలిపిన సీసాకు వర్తించదు. ఇంట్లో కలుపుకున్నదైతే ఆ పూటకే వాడి మిగిలింది పారబోయాలి.

అలాగని మానేయాలా?

అక్కర్లేదు. మధ్యాహ్నం ఎండ ఉన్నప్పుడు అరగంట కిటికీలు, ఎదురుగా ఉన్న తలుపు తెరిస్తే లోపలి పాత గాలి చాలావరకు పోతుంది. ఆ తర్వాత చుట్టాలు వచ్చే గదిలో, 100 మిల్లీలీటర్ల నీటికి మూడు నాలుగు చుక్కలతో అరగంట డిఫ్యూజర్ నడిపితే సరిపోతుంది. మన ముక్కు కాసేపటికే వాసనకు అలవాటుపడిపోతుంది. అందుకే ‘వాసన రావడం లేదే’ అని ఇంకో నాలుగు చుక్కలు వేస్తాం. బయటి నుంచి వచ్చినవాళ్లకు మాత్రం గుమ్మంలోనే గుప్పుమంటుంది. పడకగదిలో రాత్రంతా నడపడం మంచిది కాదు.

సాంబ్రాణి వదులుకోలేనివాళ్లు తలుపులు తెరిచి వేసుకుని, నిప్పు పూర్తిగా ఆరాక మూసుకోవాలి. ఏదీ కొనకుండా కావాలంటే కమలా తొక్కలు, దాల్చినచెక్క ముక్క, రెండు లవంగాలు గిన్నెడు నీళ్లలో సన్నటి సెగ మీద మరగబెడితే వంటిల్లు దాటి హాల్లోకి వాసన వస్తుంది. నిజానికి ఈ రోజుల్లో ఖరగ్‌పూర్ ఇంట్లో అరిసెల పాకమో, నొలెన్ గుడ్ అనే కొత్త ఖర్జూర బెల్లంతో పాయసమో పొయ్యి మీద ఉంటే సీసా అవసరమే రాదు.

సీసా కొన్నాక దాన్ని పెట్టే చోటు కూడా ముఖ్యం. నీలగిరి తైలం, కర్పూర తైలం పసిపిల్లలు కొద్ది మిల్లీలీటర్లు మింగినా ప్రమాదం ముంచుకొస్తుంది. దేవుడి గూటి ముందో, టీవీ బల్ల మీదో ఉంచకుండా పిల్లలకు అందని అల్మారాలో పెట్టి తాళం వేయాలి. ఎవరైనా మింగితే వాంతి చేయించకూడదు. ఆ సీసా కూడా పట్టుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.