జపాను చలనచిత్రములలో మాయపిల్లి

జపాను దేశమున పిల్లి చిరకాలమునుండి ఆదరము పొందిన జంతువు. ధాన్యమును, పట్టుపురుగులను ఎలుకల బారినుండి కాపాడుట దాని పని. అయినను ముసలిపిల్లి మాయారూపమును దాల్చునని అచ్చటి పూర్వులు నమ్మిరి. అట్టి పిల్లికి 'బాకెనెకో' యని పేరు. రూపము మార్చుకొను పిల్లి యని దాని యర్థము.

ఈ నమ్మకమునకు కారణము లేకపోలేదు. పూర్వము సామాన్యుల యిండ్లలో చేపనూనెతో దీపములు వెలిగించెడివారు. ఆ వాసనకు ఆశపడి పిల్లి వెనుకకాళ్లపై నిలిచి నూనెను నాకెడిది. మసక వెలుతురులో ఆ దృశ్యమును చూచినవారికి పిల్లి మనిషిగా మారుచున్నదను భ్రాంతి కలుగుట సహజమే కదా!

ఇట్టి కథలలో సాగా సంస్థానపు కథ ప్రసిద్ధమైనది. ఆ సీమను మొదట ర్యూజోజి వంశమువా రేలిరి. పిదప అధికారము వారి కొలువులోని నబేషిమా వంశమువారికి సంక్రమించెను. ఒకనాడు నబేషిమా ప్రభువు 'గో' అను కాయల యాటలో కోపించి, ర్యూజోజి యువకు నొకనిని చంపించెనట. అతని తల్లి తన దుఃఖమును పెంపుడుపిల్లికి చెప్పుకొని ప్రాణములు విడిచెను. ఆమె రక్తమును నాకిన పిల్లి మాయారూపము దాల్చి, ప్రభువును రాత్రులందు పీడించెను. తుదకు స్వామిభక్తిగల సేవకు డొకడు దానిని వధించెను. 1853లో ఈ కథను కబుకి నాటకముగా ప్రదర్శింపగా, సాగా సంస్థానమువారి యభ్యంతరముచే అది నిలిచిపోయెను. కట్టుకథయే యైనను, అది పాలకులను కలవరపెట్టెను.

నాటకరంగమునుండి మాయపిల్లి వెండితెరకెక్కెను. 1930 తరువాతి దశకమున సుజుకి సుమికో, 1953 మొదలుకొని ఇరియె తకాకో ఈ పాత్రలలో పేరొందిరి. మాయపిల్లి చేయి కదపగనే ఎదుటివారు కీలుబొమ్మలవలె పల్టీలు కొట్టుట ఈ చిత్రములలోని వింత.

1968లో షిందో కనెతో నిర్మించిన 'కురొనెకో', అనగా నల్లపిల్లి, వీనిలో మిక్కిలి హృదయవిదారకమైనది. యుద్ధకాలమున సమురాయి భటులు ఒక పల్లెలోని అత్తాకోడండ్రను చంపి, గుడిసెకు నిప్పుపెట్టిరి. నల్లపిల్లి వారి దేహములను నాకెను. వారు ప్రేతములై, సమురాయిలనందరిని చంపుదుమని శపథము చేసిరి. యుద్ధమునకు పోయిన కుమారుడు సమురాయియై తిరిగివచ్చెను. ఆ ప్రేతములను సంహరింపుమని అతనికి ఆజ్ఞ యయ్యెను. తీరా చూడగా వారు తన తల్లియు, భార్యయు! భార్య శపథమును మీరి, అతనితో ఏడు రాత్రులు గడిపి, అందుకు ఫలముగా నరకమునకు పోయెను. తల్లికి, కొడుకునకు మాత్రము పోరు తప్పలేదు.

ఈ కథలలో భయము పైపూత మాత్రమే. ప్రభువే యపరాధియైనపుడు పేదవారు ఎవరితో మొఱపెట్టుకొందురు? నిరపరాధుల యుసురు ఊరక పోదను విశ్వాసమే పిల్లి గోళ్లకు పదును పెట్టినది. అయితే పగ తన వారిని, పరులను వేరుగా చూడదనియు 'కురొనెకో' బోధించుచున్నది.