క్యూకి పట్టూ ఉండాలి.. విడుపూ ఉండాలి!

క్యూ అంటే రేషన్ షాపు ముందు లైను కాదు, పూల్ ఆడే కర్ర. సొంతానికి ఒకటి కొందామనుకునేవాళ్లు ముందు డిజైన్ చూస్తారు, తర్వాత బరువు, ఆ తర్వాత ధర. చెయ్యి పడే చోటు గురించి అడిగేవాళ్లు తక్కువ. సుమారు 58 అంగుళాల కర్రలో, వెనక భాగాన దాదాపు అడుగు మేర దారమో తోలో చుట్టి ఉంటుంది కదా.. దాన్నే ర్యాప్ అంటారు.

దీని మీద నాకింత పట్టింపు ఎందుకంటే, నా అరచేతులకి చెమట ఎక్కువ. పరీక్ష హాల్లో ఆన్సర్ షీట్ తడిసే రకం. టేబుల్ మీద నల్లబంతి ఒక్కటే మిగిలి, అది వేస్తే గేమ్ నాదే అన్నప్పుడు ఏసీ ఉన్నా లాభం లేదు. ‘చెయ్యి కడుక్కొచ్చావా ఏంట్రా?’ అని ఫ్రెండ్స్ నవ్వుతారు. నవ్వితే నవ్వారు గానీ, అసలు ఇబ్బంది వేరే ఉంది. కర్ర జారుతుందనిపించగానే వేళ్లు వాటంతటవే బిగుసుకుంటాయి. పిడికిలి బిగిస్తే మణికట్టూ బిగుస్తుంది. క్యూ కాస్త పక్కకి తిరుగుతుంది. దాని కొన తెల్లబంతిని అనుకున్న చోట తాకదు. వెంట్రుకవాసి తేడా చాలు, నల్లబంతి పాకెట్ అంచుకి తగిలి వెనక్కొచ్చేస్తుంది.

అందుకే నా లెక్క ఒక్కటే. వదులుగా పట్టుకున్నా జారదన్న ధైర్యం ఇచ్చేదే మంచి ర్యాప్. అది ఏదన్నది మీ అరచెయ్యే చెప్పాలి.

చెమట చేతులకి లినెన్

అవిసె నారతో చేసిన దారం ఇది. షాపుల్లో ‘ఐరిష్ లినెన్’ అంటారు. తడిని పీల్చుకుంటుంది, తడిసినా బలం తగ్గదు. నా ఓటు దీనికే. కాకపోతే లేతరంగుదైతే తొందరగా మాసిపోతుంది, వాడగా వాడగా నూగు లేస్తుంది. బాగా పిండిన తడిగుడ్డతో తుడిచి, నున్నటి తోలు ముక్కతో రుద్దితే నూగు అణుగుతుంది. నీళ్లలో మాత్రం నానబెట్టొద్దు, జిగురు వదిలేస్తుంది.

చవక క్యూలకి నైలాన్ దారం చుడతారు. దూరం నుంచి చూస్తే లినెన్‌లాగే ఉంటుంది గానీ చెమటని పెద్దగా పీల్చదు. కొనేముందు ‘ఇది లినెనా, నైలానా?’ అని మొహమాటం లేకుండా అడగండి.

పొడి చేతులకి తోలు

తోలు చేతికి మెత్తగా, నిండుగా తగులుతుంది. చేతులు పొడిగా ఉండేవాళ్లకి మంచి పట్టు ఇస్తుంది. చెమట పడితే నున్నటి తోలు జారే అవకాశం ఎక్కువ, గరుకు అచ్చు వేసినది కొంత నయం. నీళ్లూ శానిటైజరూ తగలకుండా చూసుకోవాలి.

రబ్బరు తొడుగు సంగతేంటి?

ధర తక్కువ, మనమే తొడుక్కోవచ్చు. కానీ కర్ర లావవుతుంది, రబ్బరు చేతికి అతుక్కుంటుంది. నెమ్మదిగా వేసే షాట్‌లో వేళ్లు కొంచెం సర్దుకోవాలన్నా కుదరదు. బంతుల్ని చెదరగొట్టే బ్రేక్ షాట్ కోసం వేరే క్యూ ఉంటే, దానికి నప్పుతుంది.

అసలు ర్యాప్ తప్పనిసరా?

కాదు. 1875లో జబల్‌పూర్‌లో బ్రిటిష్ సైనికాధికారుల మధ్య పుట్టిందని చెప్పే స్నూకర్‌నే చూడండి. ఆ క్యూలకి మామూలుగా ర్యాప్ ఉండదు, చేతికి కర్రే తగులుతుంది. మీ చేతులకి చెమట పట్టకపోతే, ర్యాప్ లేని పూల్ క్యూ కూడా హాయిగా ఆడించుకోవచ్చు.

డబ్బు కట్టేముందు రెండు పనులు

ఒకటి, షాట్ కోసం వంగండి. క్యూ కొన తెల్లబంతి దగ్గర ఉన్నప్పుడు, మోచేతి నుంచి కిందికి చెయ్యి నిటారుగా వేలాడాలి. అప్పుడు మీ పట్టు ఎక్కడ పడుతోందో ఫ్రెండ్‌తో ఫొటో తీయించుకోండి. పొడుగ్గా ఉండేవాళ్ల చెయ్యి ఒక్కోసారి ర్యాప్ దాటి వెనక్కి పోతుంది. అలాంటప్పుడు ఎంత ఖరీదైన ర్యాప్ ఉన్నా అలంకారమే.

రెండు, ఉన్న క్యూకే ర్యాప్ మార్పిస్తుంటే గాడి లోతు అడగండి. ర్యాప్ కర్రతో సమంగా కూర్చోవడానికి అక్కడ చెక్కని కొంచెం లోతుగా తీస్తారు. తోలు మందం సాధారణంగా లినెన్ కంటే ఎక్కువ. లినెన్ తీసి తోలు వేయాలంటే లేత్ మీద గాడిని ఇంకా లోతు చేయాల్సి రావచ్చు. ఖర్చు పెరిగేది అక్కడే.

కుదిరితే ఫ్రెండ్ క్యూ అడిగి తీసుకుని గంటసేపు ఆడండి. మొదటి అయిదు నిమిషాల్లో అన్ని ర్యాపులూ బాగానే అనిపిస్తాయి. చెయ్యి వేడెక్కి, స్కోరు దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు చూడాలి. లినెన్ మీద నాకు చెమట ఆగలేదు గానీ, నల్లబంతి దగ్గర వేళ్లు బిగుసుకోవడం మాత్రం తగ్గింది. నాకు కావాల్సిందీ అదే.