వినేది ఒకటి... రాసేది మూడు!

1857లో ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ కొలువులో సరదాగా ఓ పరీక్ష పెట్టారు. రచయిత ప్రోస్పెర్ మెరిమె చదువుతుంటే విని, తప్పుల్లేకుండా రాయాలి. చక్రవర్తికి 75 తప్పులు వచ్చాయట! ఆస్ట్రియా రాయబారికి వచ్చినవి మూడేనట.

ఫ్రెంచివాళ్లకే ఫ్రెంచి అంత కష్టమా? అవును మరి. అందులో చెవి వినేది ఒకటి, చెయ్యి రాసేది మరొకటి. ముఖ్యంగా క్రియాపదాల్లో.

'పార్లే' అంటే మాట్లాడటం. నేను మాట్లాడతాను, నువ్వు మాట్లాడతావు, వాళ్లు మాట్లాడతారు... మూడింట్లోనూ క్రియ వినిపించేది 'పార్ల్' అనే. రాతలో మాత్రం నువ్వుకి చివర 'ఎస్', వాళ్లకి 'ఎన్‌టి' అదనంగా చేరతాయి. పలకని ఆ అక్షరాలను అర్థాన్ని బట్టి ఊహించి రాయాలి. అందుకే అక్కడి బళ్లలో డిక్టేషన్ అంటే పిల్లలకు గుండెదడ.

ఒకే స్పెల్లింగు రెండు రకాలుగా పలికే మాటలూ ఉన్నాయి. కాన్వెంటు అనే అర్థంలో 'కు-వాఁ' అని రెండు ముక్కలుగా పలికే మాటే, కోళ్లు గుడ్లు పొదుగుతున్నాయన్నప్పుడు క్రియగా మారి 'కూవ్' అని ఒక్క ముక్కలో ముగుస్తుంది.

ముక్కలు విడదీయడంలోనూ కిటుకుంది. మాటల మధ్య ఖాళీని కాదు, పలుకును చూడాలి. 'ఇల్ ఆవె పార్లే' (అతను అప్పటికే మాట్లాడాడు) రాతలో మూడు మాటలు. నోట్లో 'ఇ-లా-వె-పార్-లే' అని అయిదు ముక్కలు. మన 'వాడు ఎవడు' వాడెవడు అయినట్టు, మొదటి మాటలోని 'ల్' వెళ్లి పక్క అచ్చును పట్టుకుంది.

ఈ కలయికలో పొరబడితే అర్థమే మారిపోతుంది. 'ఇల్-జోఁ' అంటే వాళ్లకు ఉంది. 'ఇల్-సోఁ' అంటే వాళ్లు ఉన్నారు. తేడా అంతా 'జ', 'స'ల్లోనే!

ఇంకో తమాషా. 'ఇల్ ఆ' అంటే అతనికి ఉంది. ప్రశ్నగా తిరగేస్తే 'ఆ-ఇల్' అనరు, 'ఆ-తిల్?' అంటారు. రెండు అచ్చుల మధ్య 'త్' వచ్చి కూర్చుంటుంది. నిలువు, అద్దం కలిసి నిలువుటద్దం అయినప్పుడు మనకు 'ట' వచ్చినట్టే!

ఇంటర్లో రెండో భాషగా ఫ్రెంచి తీసుకున్న మన పిల్లలు గుర్తుంచుకోవాల్సింది ఇదే. క్రియను ఒంటరిగా బట్టీ పట్టకూడదు. నేను, నువ్వు, వాళ్లు అనే మాటలతో కలిపి, పైకి చదువుతూ రాయాలి. అప్పుడే చెవీ చెయ్యీ స్నేహం చేస్తాయి. అప్పటికీ ఒకటో రెండో తప్పులు దొర్లితే బెంగ అక్కర్లేదు. చక్రవర్తికే 75!