అంచుకు ముందు నడిచే పొర

తామరాకు మీది నీటిబొట్టును మన కవులు శతాబ్దాలుగా అంటీముట్టనితనానికి ఉపమానంగా వాడుకున్నారు. దానికి సరిగ్గా ఎదురైన సంగతి మాత్రం ఏ ఉపమానానికీ ఎక్కినట్టు లేదు. శుభ్రమైన గాజుపలక మీద చిన్న సిలికోన్ నూనె బొట్టు పెడితే, అది గాజును అంటుకుని, పల్చబడుతూ, నెమ్మదిగా పాకుతూనే ఉంటుంది. ఇందులో వింతేముంది అనిపిస్తుంది గాని, ఈ పాకుడు ఎలా సాధ్యమో చెప్పలేక ద్రవగతిశాస్త్రం చాలాకాలం ఇబ్బంది పడింది.

బొట్టు నిలుస్తుందా, పరుచుకుంటుందా అన్నది జమాఖర్చుల లెక్క. దీనికి పునాది 1805లో థామస్ యంగ్ వేశాడు, అదీ ఒక్క సమీకరణమైనా రాయకుండా, మాటల్లోనే. ఘనానికీ గాలికీ మధ్య, ఘనానికీ ద్రవానికీ మధ్య, ద్రవానికీ గాలికీ మధ్య ఉండే ప్రతి తలానికీ చదరపు సెంటీమీటరుకు ఇంత అని శక్తి వెచ్చించాలి. మూడో తలానికయ్యే ఖర్చునే మనం తలతన్యత అంటాం. పొడి గాజును గాలికి వదిలేయడానికయ్యే ఖర్చు, దానిమీద ద్రవాన్ని పరచడానికయ్యే ఖర్చుకన్నా ఎక్కువైతే బొట్టు పూర్తిగా పరుచుకుంటుంది. తక్కువైతే ఏదో ఒక స్పర్శకోణం దగ్గర ఆగిపోతుంది. నీటి తలతన్యత మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు, సిలికోన్ నూనెది 21. ఆ నూనె దాదాపు దేనిమీదనైనా పాకడానికి కారణం ఇదే. ఈ రెండు ఖర్చుల తేడాను ‘మిగులు’ అందాం.

పాకాలనే కోరిక ఉండటం వేరు, పాకగలగడం వేరు. ఘనతలాన్ని తాకుతున్న ద్రవం కదలదన్నది ద్రవగతిశాస్త్రపు ప్రాథమిక నియమాల్లో ఒకటి. నదిలో అడుగునున్న నీరు నేలను పట్టుకునే ఉంటుంది, పైనున్న నీరు జారుతుంది. బొట్టు అంచు దగ్గర ద్రవం మందం సున్నాకు దిగుతుంది గనుక, అడుగున నిశ్చలంగానూ పైన చలిస్తూనూ ఉండవలసిన పొరల మధ్య దూరం కూడా సున్నా అవుతుంది. అప్పుడు రాపిడి అనంతమవుతుంది. 1971లో హు, స్క్రివెన్ అనే ఇద్దరు ఈ లెక్కను చివరిదాకా చేసి చూపించి, దీని ప్రకారం ఒక వస్తువును నీటిలో ముంచడం గ్రీకు పురాణాల మహాబలుడికి కూడా సాధ్యం కాదని చమత్కరించారు. సిద్ధాంతం తప్పని చెప్పడానికి ఒక గ్లాసు నీళ్ళు చాలు. ఎక్కడ తప్పో చెప్పడమే కష్టం.

ఈ చిక్కుకు ఒక విడుపు అప్పటికే అచ్చులో ఉంది. జీవశాస్త్రంలో పేరు తెచ్చుకుని, తర్వాత కందెనల వైపు మళ్ళిన విలియం హార్డీ 1919లో ఒక విషయం గమనించాడు. గాజు మీద బొట్టుకు బాగా ఎడంగా, కంటికి పొడిగానే కనిపించే చోట, గాజు రాపిడి తగ్గిపోయింది. అంటే బొట్టుకన్నా ముందే కనిపించని పొర ఒకటి అక్కడికి చేరింది. దీన్ని అగ్రగామి పొర అనుకోవచ్చు. దాని మందం కొద్ది అణువుల నుంచి కొన్ని పదుల నానోమీటర్ల వరకు ఉంటుంది. సబ్బు బుడగ మీది రంగులు కనిపించాలన్నా ఇంతకన్నా మందం కావాలి. ఆ పొరను ముందుకు లాగేవి ఘనానికీ ద్రవానికీ మధ్యనున్న వాన్ డర్ వాల్స్ ఆకర్షణలు. ఇక బొట్టు అంచు పొడి గాజును తాకదు; తాను ముందుగా పంపిన పొర మీదే పాకుతుంది. మందం సున్నాకు దిగదు, రాపిడి అనంతం కాదు.

ఇప్పుడు వేగం సంగతి. అంచు వేగం స్పర్శకోణపు ఘనాన్ని బట్టి ఉంటుంది. బొట్టు పరిమాణం మారదు గనుక, వ్యాసార్ధం రెట్టింపైతే కోణం ఎనిమిదో వంతుకు, వేగం 512వ వంతుకు పడిపోతాయి. మొత్తం లెక్క వేస్తే, వ్యాసార్ధం కాలపు పదో మూలాన్ని అనుసరించి పెరుగుతుందని తేలుతుంది. 1979లో టానర్ సిలికోన్ నూనె బొట్లతో దీన్ని నిర్ధారించాడు. ఒక చిన్న బొట్టు నిమిషంలో ఒక మిల్లీమీటరు వ్యాసార్ధానికి చేరిందనుకుందాం. రెండు మిల్లీమీటర్లకు చేరడానికి 1,024 నిమిషాలు, అంటే పదిహేడు గంటలు పడుతుంది. నాలుగుకు చేరడానికి దాదాపు రెండేళ్ళు! (బొట్టు పెద్దదైతే గురుత్వాకర్షణ కూడా చేయి వేస్తుంది, కాస్త తొందరపడుతుంది.)

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఈ సూత్రంలో లేనిది. ఇందులో ద్రవం స్నిగ్ధత ఉంది, తలతన్యత ఉంది, మిగులు మాత్రం లేదు. ఘనం ద్రవాన్ని ఎంత గట్టిగా పిలిచినా బొట్టు వేగం పెరగదు. ఆ మిగులంతా ఎక్కడికి పోతున్నట్టు? 1980లలో ద జెన్, ఆయన సహచరులు దీనికి జవాబు చెప్పారు. మిగులు మొత్తం అగ్రగామి పొరలోనే రాపిడికి ఖర్చైపోతుంది. వెనకనున్న బొట్టుకు దమ్మిడీ దక్కదు. తరువాత 1989లో పారిస్‌లో హెస్లో, ఫ్రేస్, కజబా ముగ్గురూ, ధ్రువీకరించిన కాంతి పరావర్తనంలో వచ్చే మార్పును కొలిచి, సిలికాన్ పలక మీద పాకే సూక్ష్మమైన బొట్టు ఆకారాన్ని పట్టుకున్నారు. అది కోనేటి మెట్లలా ఉంది, ఒక్కో మెట్టు ఎత్తు ఒక్క అణువు మందం.

ఇదంతా ప్రయోగశాల ముచ్చట అనుకోనక్కరలేదు. మిగులు లెక్కను 1915లోనే కూపర్, నటాల్ అనే ఇద్దరు ఒక వ్యవసాయ పరిశోధన పత్రికలో వాడారు. వాళ్ళ విషయం పిచికారీ చేసే సబ్బు ద్రావణాలు. మన రైతులు వేపగింజల కషాయంలో సబ్బుపొడి కలపడం వెనక ఉన్నదీ అదే లెక్క. మైనపు పూత ఉన్న ఆకు మీద నీరు నిలవదు. నిలవని మందు నేలలోకి, అక్కడి నుంచి బావిలోకి పోతుంది. సబ్బు తలతన్యతను తగ్గించి మిగులును సున్నా వైపు జరుపుతుంది. అయితే సబ్బునీటి నడక శుద్ధమైన నూనె నడకంత సూటి కాదు. బొట్టు పాకే కొద్దీ కొత్త తలం పుడుతుంటే, సబ్బు అణువులు అక్కడికి వెంటవెంటనే చేరాలి. చేరేలోపు అంచు దగ్గర తలతన్యత మళ్ళీ పెరుగుతుంది. వ్యవధి కూడా తక్కువే. మధ్యాహ్నపు ఎండలో సన్నని తుంపర ఆరిపోవడానికి నిమిషం పట్టదు.