నల్లరేగడిలో నలుపంతా కర్బనం కాదు

మంజీర మీద 1931లో నిజాంసాగర్ పూర్తయినప్పటి నుంచి బాన్సువాడ ప్రాంతం వరికి పేరుపడింది. నల్లరేగడి, ఎర్ర చెల్క, ఇసుక పాలు ఎక్కువున్న దుబ్బ ఈ చుట్టుపక్కల పక్కపక్కనే కనిపిస్తాయి. మూడింటి మట్టినీ పరీక్షకు పంపితే సేంద్రియ కర్బనానికి కొలబద్ద మాత్రం ఒకటే. 0.5 శాతం లోపుంటే తక్కువ, 0.75 దాకా మధ్యస్థం, ఆపైన ఎక్కువ. ఎరువుల మోతాదు చెప్పడానికి ఈ లెక్క పనికొస్తుంది, కాదనను. కానీ ఆ నేల ఇంకెంత కర్బనాన్ని దాచుకోగలదో, ఉన్నది ఎన్నాళ్లు నిలుస్తుందో అది చెప్పదు. దుబ్బలో 0.5కీ రేగడిలో 0.5కీ చాలా తేడా ఉంది.

మట్టిలో కర్బనం ముఖ్యంగా రెండు తీరుల్లో ఉంటుంది. వేళ్ల ముక్కలు, కుళ్లుతున్న కొయ్యకాళ్లు, పెంట ఎరువు రూపంలో విడిగా ఉండేది ఒకటి. సూక్ష్మజీవులు దాన్ని తిని, అవి చచ్చాక మిగిలిన పదార్థం బంకమట్టి రేణువులకు అతుక్కున్నది రెండోది. మొదటిది చాలావరకు కొన్ని నెలల్లో, కొన్నేళ్లలో కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. రెండోది దశాబ్దాలు, ఒక్కోసారి శతాబ్దాలు నిలుస్తుంది. రేగడిలోని స్మెక్టైట్ బంకమట్టిది పొరల నిర్మాణం. ఒక్క గ్రాములోని పొరలన్నీ విప్పి పరిస్తే 700 చదరపు మీటర్ల దాకా వస్తుంది. చెల్కలో ఎక్కువగా ఉండే కెయోలినైట్‌కు అది పది, ఇరవై చదరపు మీటర్లే. రేగడి పెళ్ల విరిచి చూస్తే లోపల ఉన్న సందుల్లో చాలావరకు బ్యాక్టీరియా కూడా దూరలేనంత సన్నవి. అక్కడ చిక్కిన కర్బనాన్ని తినే జీవి దాని దగ్గరికే చేరలేదు. ఎండాకాలం నేల నెర్రెలిచ్చినప్పుడు పైమట్టి ఆ నెర్రెల్లో రాలి కర్బనాన్ని లోతుకు తీసుకుపోతుంది. దుబ్బలో ఇవేవీ లేవు. ఇసుక రేణువు కర్బనాన్ని పట్టి ఉంచలేదు.

నెదర్లాండ్స్ శాస్త్రవేత్త హాసింక్ 1997లో దీనికి ఒక లెక్క కట్టాడు. ఒండ్రు, బంక వంటి సన్న రేణువులు ప్రతి 10 శాతం పెరిగేకొద్దీ అవి పట్టి ఉంచగల కర్బనం కిలో మట్టికి సుమారు 4 గ్రాములు పెరుగుతుంది. ఆ లెక్కన సన్న రేణువులు 15 శాతం ఉన్న నేలకు హద్దు 1 శాతం దగ్గర, 60 శాతం ఉన్న నేలకు 2.6 శాతం. ఇది ఎక్కువగా దున్నని నేలల నుంచి వచ్చిన లెక్క కనుక మన పొలానికి లక్ష్యంగా పెట్టుకోకూడదు. కానీ 0.5 శాతం దగ్గర దుబ్బ సగం నిండితే, రేగడి ఐదో వంతే నిండిందని మాత్రం అర్థమవుతుంది.

అంత నల్లగా ఉన్న నేల ఖాళీగా ఉందంటే నమ్మేదెలా అని ఎవరైనా అడగవచ్చు. కొద్దిపాటి హ్యూమస్ స్మెక్టైట్‌తో గట్టిగా కలిసినా మట్టి నల్లబడుతుంది. దక్కన్ రేగడి చేలల్లో చాలావరకు కర్బనం తక్కువే. గాదె పెద్దది, గింజలు తక్కువ. మన ఎండలకు ఎంత వేసినా హరించుకుపోతుందన్నది మరో మాట. వేడికి సూక్ష్మజీవులు చురుగ్గా తింటాయి, నిజమే. అయితే పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో 1976 నుంచి రేగడి మీదే సాగిన ప్రయోగం చూడండి. పాత పద్ధతిలో వానాకాలం బీడు పెట్టిన మడిలో 120 సెంటీమీటర్ల లోతు వరకు హెక్టారుకు 39.5 టన్నుల కర్బనం ఉంటే, రెండు కాలాలూ పంట ఉంచి, కందిలాంటి పప్పుజాతి పంట కలిపి, ఎరువు సరిగా వేసిన మడిలో 46.8 టన్నులు తేలింది. ఎండ రెండింటికీ ఒకటే.

చెల్కలో ఐరన్ ఆక్సైడ్లు కొంత కర్బనాన్ని గట్టిగానే పట్టుకుంటాయి. దుబ్బకు మాత్రం ఎంత పెంట వేసినా ఏటా వేస్తూనే ఉండాలి. దానికి ముందు కావలసింది బంక. 2015 మార్చిలో సదాశివనగర్‌లో మొదలైన మిషన్ కాకతీయ కింద చెరువుల్లో తీసిన పూడిక మట్టి ఎరువుగానే కాక, నేల పట్టుశక్తిని పెంచే సరుకుగా కూడా విలువైనదే.

ఇక రేగడిని నింపేది గడ్డి, వేళ్లు. ఎకరం వరిలో రెండున్నర టన్నుల గడ్డి వస్తే అందులో దాదాపు టన్ను కర్బనం. నిప్పు పెడితే అందులో ఎక్కువ భాగం ఆ పూటే పొగ. గడ్డి కలియదున్ని నీళ్లు పెడితే మీథేన్ వస్తుంది, వరి మొక్క నత్రజని అందక పసుపుబారుతుంది అన్న అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను, రెండూ జరిగేవే. దీనికి విరుగుడు నీళ్లు పెట్టే సమయంలో ఉంది. యాసంగి కోత కాగానే దున్ని, కాస్త యూరియా చల్లి, వానాకాలం నాట్లకు ముందు మట్టిని ఆరనిస్తే గడ్డి చాలావరకు గాలి తగిలి చివుకుతుంది. తర్వాత మడిని ఆరబెడుతూ తడిపితే మీథేన్ సగం దాకా తగ్గుతుంది. వానాకాలం కోతకూ యాసంగి నాటుకూ మధ్య అంత వ్యవధి దొరకదు, అప్పుడు గడ్డిని పశువులకు పెట్టి పెంటగా తిరిగి చేరవేయడమే మేలు.

ఎకరం పైపొర 15 సెంటీమీటర్ల మట్టి దాదాపు 800 టన్నులు. అందులో 0.1 శాతం పెరిగితే 8 క్వింటాళ్ల కర్బనం చేరినట్టు. ఆ పెరుగుదల దుబ్బలో ఎంత, రేగడిలో ఎంత నిలుస్తుందో తెలియాలంటే రైతుకిచ్చే మట్టి పరీక్ష కార్డు మీద ఉన్న 12 అంశాలు చాలవు. మట్టిలో బంక ఎంతో చెప్పే పదమూడో గడి అందులో చేర్చాలి. మట్టి పరీక్షకు వెళ్లే రైతులు ఆ మాట అడగాలి.