కలముతో అరగంట

వంట, వడ్డన, పిల్లల చదువు, వచ్చిపోవువారి మర్యాద, వీని నడుమ మనకు చిక్కు తీరిక అత్యల్పము. ఆ తీరికలో కుట్టుపని, ముగ్గులు, సంగీతము తగిన వేడుకలని యెల్లరు నంగీకరింతురు. అక్షరములను పొందికగా వ్రాసికొనుటయే నా వేడుక యన్నచో మాత్రము నవ్వువారు లేకపోలేదు. ఈ వేడుక నాకెట్లు కలిగినదో విన్నవించెదను.

బాల్యమున మా తాతగారు నాకు అమరమును, రామాయణమును ఇంటనే చెప్పిరి. వారియొద్ద తాటియాకుల గ్రంథములు కొన్ని యుండెడివి. ఆకుపై గంటముతో గీచిన వ్రాత, మసి రుద్దినగాని కంటికి స్పష్టముగా నానదు. పీచువెంట నిడుపుగీత గీచిన ఆకు చీలుననియు, అందుచేతనే మన లిపి గుండ్రదనము తాల్చెననియు వారు చెప్పెడివారు. నేను త్వరపడి వ్రాసినపుడెల్ల “అక్షరమును తఱుమకుమమ్మా” అని మందలించెడివారు.

కాపురమునకు వచ్చిన పిమ్మట పాలపద్దు, చాకలిపద్దు తప్ప నాకు వేఱు వ్రాత లేకపోయెను. మావారు ఉపాధ్యాయులగుటచే ఇంట కలములకు కొదువ లేదు. నాకు తీరికయే కొదువ. మా యమ్మకు వినికిడి తగ్గుటచే ఫోనులో మాట తెలియదు. కావున నెలకొక యుత్తరము వ్రాయుదును. మూడేండ్ల క్రిందట ఆమెయొద్దనుండి యొక కార్డు వచ్చినది: “అమ్మాయీ, నీ జాబు చేరినది. నాకు తెలియక పొరుగింటి పిల్లచే చదివించితిని. ఆమెకును సగము తెలియలేదు. నీ చేయి వణకుచున్నదా? ఒంట్లో బాగులేనిచో నాయొద్ద దాచకుము.”

ఆ నాలుగు పంక్తులు చదివి కన్నీరు పెట్టుకొంటిని. నాకే వ్యాధియు లేదు. పొయ్యిమీద పప్పు పెట్టి తొందరలో గీకిన గీతలవి. తల్లికి రెండు మాటలు తెలియునట్లు వ్రాయుటకైనను నాకు స్థిమితము లేకపోయెనే యని సిగ్గుపడితిని.

నాటినుండి మధ్యాహ్నభోజనానంతరము అరగంట కలమునకు కేటాయించితిని. మావారు రాజమహేంద్రవరమునుండి ఎబొనైటు కలమొకటి తెచ్చియిచ్చిరి. రబ్బరునకు గంధకము చేర్చి కాచి గట్టిపఱచిన పదార్థమే ఎబొనైటు. దానిని తరిమెనపట్టి కలములు చేయుదురు. ఆ పట్టణమున కోసూరి వెంకటరత్నముగారు 1932 ప్రాంతమున స్వదేశీ కలముల పని మొదలిడిరి. వారి కలమును వాడి చూచి గాంధీమహాత్ముడు 1935లో మెచ్చి జాబు వ్రాసిరి.

ఇట్టి కలమును ఏలుకొనుటయు నొక విద్యయే. పాళీ నడిమి సన్నని చీలికయు, క్రింది నాలుకవంటి భాగమునందలి గాడియు సిరాను కొంచెము కొంచెముగా కాగితమున కందించును. వెలువడిన సిరాకు మాఱుగా గాలి లోనికి పోవును. ఎండిన సిరా ఆ త్రోవను మూసినచో కలము మొండికెత్తును. కావున నెలకొకసారి చన్నీటితో కడిగి ఆరబెట్టవలెను. వేడినీరు తగిలిన ఎబొనైటు వన్నె చెడును. సిరా తఱుగుకొలది లోపలి గాలి చేతివేడికి వ్యాకోచించి సిరాచుక్కను రాల్చును. సగము తఱుగగనే నింపుకొనవలెనని నా తెల్లచీర చెఱగొకటి నాకు నేర్పినది.

తొలుత రూళ్ళకాగితముపై సున్నలు మాత్రమే వ్రాయుడు. చేతికి గుండ్రన పట్టుబడిన పిదప ర, న, అ వ్రాయవచ్చును. తలకట్లును గుళ్ళును ఒకే యెత్తున నుండవలెను. వత్తులకై పంక్తుల నడుమ చోటు విడువవలెను. మొన వెడల్పుగల పాళీని ఒకే వాలున పట్టి వ్రాసినచో గీత ఒకచోట బలిసి, ఒకచోట సన్నగిల్లి అక్షరమునకు తానై అందము వచ్చును. పాళీ లేనివారు వెదురుపుల్లను చెక్కికొనవచ్చును. దీనికి వ్యయము లేదు.

“ఈ వయసున మరల అక్షరాభ్యాసమా?” అని మా యత్తగారు మొదట పరిహసించిరి. చూపు మందగించిన పిమ్మట వారే వచ్చి, తమ మంగళహారతి పాటల పుస్తకమును పెద్దయక్షరములతో వ్రాసియిమ్మనిరి. నలువది పుటలు వ్రాసితిని. ఇప్పుడు ప్రతి శుక్రవారమును వారు దానిని చూచియే పాడుదురు.

మా యమ్మయొద్దనుండి తరువాత వచ్చిన కార్డులో, “ఈమాఱు ఎవరిచేతను చదివింపలేదు, నేనే రెండుసారులు చదువుకొంటిని” అని యున్నది. ఆ కార్డును నా పెట్టెలో దాచుకొంటిని.

సోదరీమణులారా! మన చేతివ్రాతకై కనిపెట్టుకొని యుండువారు మనకందఱకు నొక్కరైనను ఉందురు. వారికై దినమున కొక అరగంట కేటాయింపుడు.